గట్టు దాటిన పుప్పొడి

మా అన్నయ్య మంచి రైతని నేనెప్పుడూ అనుకోలేదు. మంచి వక్త అని మాత్రం ఊరంతా ఒప్పుకుంది, అన్నయ్య మాట్లాడుతున్నంతసేపూ ఎవరూ పని చెయ్యనక్కర్లేదు కాబట్టి. నలభై దగ్గర పడుతున్నా పెళ్ళి కాలేదు. సంబంధాలు రాక కాదు, ఏ పిల్లా ఆ ప్రసంగం చివరిదాకా కూర్చోలేకపోయింది. నాన్నకు మోకాళ్ళు అరిగిపోయాక చేను అన్నయ్య చేతికొచ్చింది. అప్పటినుంచి చేలో కలుపు పెరిగింది, ఇంట్లో కరపత్రాలు పెరిగాయి.

మా చేనుకు పడమటి గట్టు అవతల మా అక్కావాళ్ళ చేను. బావ మాటలు తక్కువ మనిషి. ఏటా మొక్కజొన్నకు కత్తెర పురుగు పడుతుంది. ఏటా బావ వీపుకు మందు డబ్బా తగిలించుకుని, మూతికి తువ్వాలు చుట్టుకుని వారానికి రెండుసార్లు కొడతాడు. తన చేనుకే కాదు, కూలికి పక్క చేలకు కూడా. కొట్టిన సాయంత్రం వాకిట్లో మంచం మీద పడుకుంటే చేతులు వణుకుతాయి. అక్క గ్లాసు పట్టుకుని తాగిస్తుంది. ఆ నెలల్లో కూతుర్ని ఎత్తుకోడు. "మందు వాసన" అంటాడు. వాసన కాదు, చేతుల్లోంచి జారిపోతుందన్న భయమని మాకందరికీ తెలుసు.

ఇక నేను. ధాన్యం గోదాములో, పరీక్ష గదిలో పని. వచ్చిన ప్రతి లోడు నుంచీ గింజలు తీసి, పిండి చేసి, నీళ్ళలో కలిపి, అందులో కాగితపు పట్టీ ముంచుతాను. ఒక గీత తేలితే మామూలు మొక్కజొన్న. రెండు గీతలు తేలితే అందులో జన్యుమార్పిడి గింజ కలిసినట్టు. ఒక గీత సరుకు పసిపిల్లల ఆహారం చేసే కార్ఖానాకు వెళ్తుంది, రెండు గీతలది పశువుల దాణాకు. పదేళ్ళుగా ఇదే పని. గుమ్మంలో మనిషిని చూడగానే ఎంత కల్తీయో చెప్పేయగలనని నాకు గొప్ప నమ్మకం.

ఆ ఏడు తొలకరికి ముందు విత్తన కంపెనీ మనిషొకడు దిగాడు. చొక్కా మీద ఒక్క ముడత లేదు, అందుకని అతనికి ఇస్త్రీ అని పేరు పెట్టుకున్నాం. గోదాము వెనక షెడ్డులో కుర్చీలు వేయించాడు. ఎక్కడినుంచో తెచ్చిన లేత కండె ఒకటి పైకెత్తి, కరకర కొరికి నమిలి, "చూశారుగా, బతికే ఉన్నాను," అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఒక మనిషి బతికి ఉన్నందుకు అంతమంది చప్పట్లు కొట్టడం నేను చూడటం అదే మొదలు.

"పురుగుని చంపే గుణం ఈ మొక్కలోనే ఉంటుందండీ. కత్తెర పురుగు ఆకు కొరికిందా, దాని పని అయిపోయినట్టే. మందు డబ్బా ఇక అటకెక్కించేయొచ్చు."

నాన్న కర్ర ఊతంతో లేచాడు. "దీని పుప్పొడి ఎంత దూరం పోతుంది బాబూ?"

"రూలు ప్రకారం ఎంత దూరం వదలాలో సంచి మీద రాసుంటుందండీ. అంత వదిలితే చాలు."

"ఆ రూలు గాలికి చెప్పారా?"

అందరూ నవ్వారు. ఇస్త్రీ కూడా నవ్వాడు. నవ్వడం వాళ్ళకి ఉద్యోగంలో భాగం.

"ఇంకోటి. ఈ గింజ దాచుకుని మళ్ళీ ఏడు విత్తుకోవచ్చా?"

"కుదరదండీ. అలా చెయ్యబోమని కాగితం మీద సంతకం పెట్టాలి. ఏటా కొత్తది కొనుక్కోవాలి."

"దాచుకోడానికి లేనిది విత్తనమెలా అవుతుంది? ఉత్త గింజ," అని నాన్న కూర్చున్నాడు. నలభై ఏళ్ళుగా ఒకే రకం మొక్కజొన్నని కండె కండె చూసి ఏరి, ఎండబెట్టి, బూడిద కలిపి కుండల్లో దాస్తూ వచ్చిన మనిషి ఆయన. ఆ కార్ఖానావాళ్ళు మా లోడు కోసం అడిగి మరీ వచ్చేవాళ్ళంటే ఆ కుండల వల్లే.

బావ ఏమీ అడగలేదు. ముందుకెళ్ళి సంతకం పెట్టాడు. పెన్ను పట్టుకున్న చెయ్యి అప్పటికీ వణుకుతూనే ఉంది.

ఆ సాయంత్రమే అన్నయ్య గట్టు మీదకెళ్ళి, అవతల ఎవరూ లేకపోయినా అరిచాడు. "మా పక్కన విషం విత్తుతారా! ఈరోజుతో మన రాకపోకలు బంద్!" అక్క ఇంట్లోంచి విని తలుపేసుకుంది. అన్నయ్య అప్పటికే శుద్ధాహార సంఘంలో సభ్యుడు. ఆ సంఘానికి అధ్యక్షుడు ఏదో ఆఫీసులో రిటైరైన పెద్దమనిషి. మైకు కనబడితే వదలడు కనుక మైకు అనే పిలిచేవాళ్ళం. చెట్టున ఏది కాస్తుందో, భూమిలో ఏది ఊరుతుందో ఆయనకు తెలుసని నాకు నమ్మకం లేదు. కానీ ఏది తింటే ఏ రోగమొస్తుందో మాత్రం కంఠతా వచ్చు. ఆ వారమే మా ఊళ్ళో సభ పెట్టించాడు.

"ఈ మొక్కజొన్న తిన్నారా, మగవాళ్ళకి పిల్లలు పుట్టరు! ఆడవాళ్ళకి జుట్టు ఊడిపోతుంది! పశువులకి కళ్ళు పోతాయి!"

నేను వెనక వరసలోంచి అడిగాను. "ఎవరికి ఊడిందండీ? ఏ ఊళ్ళో?"

"అమ్మా, ఇది శాస్త్రం."

"శాస్త్రమైతే ఊరూ పేరూ ఉండాలిగా?"

"కంపెనీ డబ్బు తిన్నవాళ్ళే ఇలాంటి ప్రశ్నలడుగుతారు," అన్నాడు మైకు. అన్నయ్య తల దించుకున్నాడు, నా మాటకి సిగ్గుపడి. మైకుది నున్నటి బట్టతల. ఏం తిని అలా అయ్యాడో ఎవరూ అడగలేదు.

నిజంగా భయపడాల్సింది ఒకటుంది, పక్క చేను పుప్పొడి. రెండు చేలూ ఒకేసారి పూతకొస్తే అది గాలికి లేచి గట్టు దాటుతుంది, మన కండెల్లో గింజ కడుతుంది. తింటే ఏమీ కాకపోవచ్చు. కానీ నా పట్టీ మీద రెండో గీత తేలుతుంది, నాన్న కుండల్లో విత్తనం ఇక ఆ విత్తనం కాదు. ఈ మాట ఆ వేదిక మీద ఒక్కరూ ఎత్తలేదు. జుట్టుకు పడినన్ని చప్పట్లు పుప్పొడికి పడవు.

దీనికి విరుగుడు పెద్ద విద్యేం కాదు. మర్నాడు గోదాముకి వెళ్తూ బావ దగ్గర ఆగాను. నేను మొదలుపెట్టకముందే ఆయనే అన్నాడు.

"మీరు ముందు విత్తుకోండి మరదలా. ఇరవై రోజులాగి నేను వేస్తాను. నాది పూతకొచ్చేసరికి మీ పని అయిపోతుంది. మీ అన్నయ్యతో నువ్వే చెప్పు, నేనొస్తే గొడవవుతుంది."

ఇంటికొచ్చి చెప్పాను. అన్నయ్య నేల మీద బ్యానరు గుడ్డ పరుచుకుని ఎర్ర రంగుతో 'శు' రాస్తున్నాడు.

"విషంతో బేరమాడమంటావా?"

"బేరం కాదన్నయ్యా, తేదీ."

"ఇవాళ తేదీ అంటావు, రేపు సర్దుబాటంటావు. ఇది సిద్ధాంతం."

"నువ్వు ముందు గింజలు వెయ్యి, సిద్ధాంతం తర్వాత మొలుస్తుంది."

వినిపించుకోలేదు. అప్పటికి మొదటి వాన పడి మూడు రోజులైంది. అందరూ విత్తుతున్నారు. మా చేను మాత్రం దున్ని వదిలేసి ఉంది. ఎందుకంటే మొదటి గింజ మైకుగారి చేతుల మీదుగా పడాలి, దానికి ఫొటో తియ్యాలి. మైకుగారికి తీరిక లేదు. పాదయాత్రలో ఉన్నారు. వ్యానులో వెళ్ళి, ఊరి మొదట్లో దిగి, ఊరి చివరిదాకా నడిచి, మళ్ళీ వ్యానెక్కే పాదయాత్ర. అన్నయ్యా వెంట వెళ్ళాడు. వెళ్తూ వెళ్తూ, "నేనొచ్చేదాకా ఎవరూ చేలో కాలు పెట్టకండి," అని నాన్నతో చెప్పి మరీ వెళ్ళాడు.

నాన్న రోజూ పొద్దున్నే అరుగు మీద కూర్చుని చేను వైపు చూసేవాడు. నేను రోజూ అన్నయ్యని తిట్టుకుంటూ గోదాముకి వెళ్ళేదాన్ని. నా తిట్లు బాగుంటాయి. గోదాములో హమాలీలు పని ఆపి వినేవాళ్ళు.

బావ ఇరవై రోజులూ ఆగాడు. ఇరవై ఒకటో రోజు మళ్ళీ వాన పడింది. ఆ తడి పోతే ఆ ఏడు ఇక విత్తలేడు. సరిగ్గా ఆ పొద్దున్నే మా చేను దగ్గర వ్యాను ఆగింది. మైకుగారు దిగారు, చెప్పులు విప్పితే బురద అంటుతుందని చెప్పులతోనే దిగారు. ఒక గింజ వేశారు. ఫొటో సరిగా రాలేదంటే అదే గింజ తీసి మళ్ళీ వేశారు. గట్టుకి ఇటు వీళ్ళు, అటు బావ. ఒకే రోజు, ఒకే తడిలో రెండు చేలకీ గింజ పడింది.

తర్వాత నెల రోజుల్లో బావ చేను చూస్తే కళ్ళు చెదిరేలా ఎదిగింది. ఒక్క ఆకుకి చిల్లు లేదు. ఇటు మా చేలో ఆకులు జల్లెళ్ళయ్యాయి. మందు కొట్టకూడదని సిద్ధాంతం, చేత్తో ఏరడానికి ఓపిక లేదు. అన్నయ్య వేపకషాయం ఒక్కసారి కొట్టి, దాని మీద రెండు ఉపన్యాసాలిచ్చాడు. ఇస్త్రీ మాటా పూర్తిగా నిజం కాలేదు. బావ చేనుకి పేనుబంక అని ఇంకో పురుగు పట్టింది. ఫోను చేస్తే, "అది మా గింజ పరిధిలోది కాదండీ," అన్నాడట. మందు డబ్బా అటక దిగింది. కానీ ఆ ఒక్కసారే. ఇరవైసార్లు కొట్టే మనిషి ఒక్కసారి కొట్టాడు. కూలికి వెళ్ళడం కూడా మానేశాడు, తన చేనే నిలబడుతోంది కదా అని.

ఒక సాయంత్రం గోదాము నుంచి వస్తుంటే బావ వాకిట్లో నిలబడి ఉన్నాడు. కూతురు భుజాల మీద కూర్చుని ఆయన జుట్టు పట్టుకుని గుర్రాన్ని అదిలించినట్టు అదిలిస్తోంది. బావ ఒక చేత్తో పిల్ల కాలు పట్టుకుని, రెండో చేత్తో నిండు గ్లాసు టీ తాగుతున్నాడు. ఒక్క చుక్క తొణకలేదు. అక్క గుమ్మంలోంచి అటే చూస్తోంది. నన్ను చూసి, "ఏంటే అలా నిలబడిపోయావ్, టీ తాగుతావా?" అంది.

ఇంటికొచ్చి ఆ సంగతి చెబితే అన్నయ్య, "కంపెనీవాళ్ళ ప్రచారానికి పనికొస్తుంది," అన్నాడు. సొంత చెల్లెలి మొగుడు చేత్తో గ్లాసు పట్టుకోగలగడం కూడా ఆ మనిషికి కుట్రే.

పూత రావడానికి వారం ముందు నాన్న నన్ను పిలిచాడు. "అమ్మాయ్, మీ గోదాములో నమూనాలకి కాగితం సంచులుంటాయి కదా. ఓ రెండొందలు పట్రా."

తెచ్చాను. అడిగి తెచ్చానని చెబితే అబద్ధం. మర్నాడు పొద్దున్న నాన్న కర్ర పట్టుకుని చేలోకి బయల్దేరాడు. వెనకే గట్టు దాటి బావ వచ్చాడు. నడి చేలో పురుగు తక్కువ తిన్న మొక్కలు నాన్న చూపిస్తుంటే, పీచు ఇంకా బయటికి రాని ప్రతి కండెకీ బావ సంచి తొడిగి దారం కట్టాడు. మొక్కల తలల మీద మగపూత రాగానే వాటికీ సంచులు కట్టారు. ఆ తర్వాత పది రోజులు, పొద్దున్నే మంచు ఆరగానే, ఆ సంచుల్లో రాలిన పుప్పొడిని దులిపి పట్టి, కండెకి కట్టిన సంచి కొద్దిగా పైకి లేపి, పీచు మీద చల్లి, గాలి దూరకముందే మళ్ళీ కట్టేయడం. నాన్న మోకాళ్ళు వంగవు, చూపు ఆనదు. పని మొత్తం బావ వేళ్ళదే. కిందటేడు ఆ వేళ్ళతో గుండీ పెట్టుకోలేకపోయేవాడు.

అన్నయ్య గట్టు మీద నిలబడి నవ్వాడు. "ఏంటి నాన్నా, కండెలకి టోపీలు పెడుతున్నారా? పెళ్ళి ఎప్పుడు?"

నిజం చెప్పాలి కదా, నేనూ నవ్వాను. సంచుల కింద మొక్కలు పేరంటానికి వచ్చినవాళ్ళలా నిలబడి ఉన్నాయి. నాన్న ఇటు తిరిగి మా ఇద్దర్నీ ఒకేలా చూశాడు.

కోతలయ్యాయి. మా లోడు గోదాముకి వచ్చిన రోజు, లారీ తూకానికి వెళ్ళకముందే అన్నయ్య నా పరీక్ష గది కిటికీ దగ్గరికొచ్చాడు. చేతిలో చిన్న సంచి.

"ఇవి తూర్పు వైపువి. దీన్నుంచి తియ్యి నమూనా."

"లారీలోంచి తియ్యాలన్నయ్యా. ఐదు చోట్ల నుంచి."

"నాకు తెలీదా? ఒక్కసారికి." అటూ ఇటూ చూశాడు. "సంఘం పేరు మీద వచ్చిన మొదటి లోడు ఇది. ఇది పోతే నా పరువేం కాను? మైకుగారికి ఏం మొహం చూపించను?"

"పసిపిల్లలు తినేది కదా."

"వాళ్ళకేం కాదులే," అన్నాడు అన్నయ్య. "తింటే ఏమవుతుంది? ఒట్టి గింజే కదా."

తన నోట్లోంచి ఏం వచ్చిందో తనకే వినబడుతుందేమోనని చూశాను. వినబడలేదు. సంచి కిటికీలోంచి ఇంకాస్త లోపలికి తోశాడు.

నేను గొట్టం తీసుకుని లారీ ఎక్కాను. ఐదు చోట్ల దింపాను. పిండి చేశాను, నీళ్ళు కలిపాను, పట్టీ ముంచాను. మొదటి గీత తేలింది. కొంతసేపటికి దాని కింద రెండోది, కాటుక చెరిగినంత పలచగా. పుస్తకంలో 'రెండు' అని రాసి సంతకం పెట్టాను. లారీ తిరిగి దాణా మిల్లు వైపు వెళ్ళింది.

ఆ సాయంత్రం ఇంట్లో అన్నయ్య వెయ్యని రంకె లేదు. బావ దొంగ, గాలి దొంగ, పట్టీ కంపెనీది, నేను కంపెనీకి అమ్ముడుపోయినదాన్ని. ఆలస్యంగా విత్తింది ఎవరన్న మాట మాత్రం అందులో రాలేదు. అరుపులు విని బావ వచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు.

"మావయ్యా, నా వల్లే..."

"నువ్వు ఇరవై రోజులాగావు," అన్నాడు నాన్న. "లోపలికి రా."

బావ లోపలికొచ్చాడు. అన్నయ్య బయటికెళ్ళాడు. వారం తిరక్కుండా బట్టలు సర్దుకుని సంఘం ఆఫీసుకే మకాం మార్చాడు. అక్కడ ఇప్పుడు మైకుగారి పక్క కుర్చీ తనదే, 'పుప్పొడి బాధిత రైతు' అని పరిచయం చేస్తారట. తను వ్యవసాయం చేసినన్నాళ్ళూ దక్కని గౌరవం పంట పోగానే దక్కింది.

ఇస్త్రీ కూడా ఊరుకోలేదు. సంగతి తెలిసి పరామర్శకొచ్చాడు. "ఎలాగూ కలిసిపోయింది కదండీ. వచ్చే ఏడు మాదే వేసేయండి, ఇక ఏ బాధా ఉండదు."

"ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగాడట ఇంకొకడు," అన్నాడు నాన్న. ఇస్త్రీ ఆ సామెతకీ నవ్వాడు.

సంచులు కట్టిన కండెలు నాన్న విడిగా కోయించి చూరుకు వేలాడదీశాడు. తొంభై ఆరు. ఒక్కో కండె నుంచి పది గింజలు ఒలిచి నాకిచ్చాడు. మధ్యాహ్నం తిండి మానేసి, గది తలుపేసుకుని, పట్టీలు ముంచాను. ఒక గీత. మళ్ళీ చూశాను. ఒకటే. సైకిలు తొక్కుకుంటూ ఎప్పుడూ రానంత వేగంగా ఇంటికొచ్చాను.

"నాన్నా, ఒకటే గీత! అన్నిటికీ!"

నాన్న కండె ఒలుస్తున్నాడు. తలెత్తలేదు. "ఊఁ."

"అన్నయ్య ఉండాల్సింది చూడ్డానికి. టోపీలన్నాడుగా!"

"నువ్వూ నవ్వావు."

నేను సైకిలుకి స్టాండు వేశాను.

"నీకు అందరూ వెధవల్లాగే కనబడతారమ్మా. చాలామటుకు నిజమే. వాడు వెధవే. ఆ మైకు ఇంకా పెద్ద వెధవ. చేను ఇరవై రోజులు బీడుగా పడుందని నీకూ తెలుసు, నాకూ తెలుసు. నాకు మోకాళ్ళు లేవు. నీకేం లేదు?"

కండె పక్కన పెట్టి ఇంకోటి తీసుకున్నాడు. "వచ్చే ఏడు చేను నువ్వు చూస్తావా, కౌలుకిచ్చెయ్యనా?"

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదని రాస్తే బాగుంటుంది కానీ, అలసిపోయి చక్కగా నిద్రపోయాను. పొద్దున్నే లేచి, చూస్తానని చెప్పాను. గోదాములో మధ్యాహ్నం పూట వచ్చేలా పని మార్చుకున్నాను.

మళ్ళీ తొలకరి పడింది. నేల పదును చూసుకుని, గట్టెక్కి బావని కేకేశాను.

"ఇవాళ విత్తుతున్నాం బావా. నీ కొత్త గింజ ఎప్పుడు?"

బావ పశువుల దగ్గర్నుంచే వేళ్ళు లెక్కపెట్టాడు. "నెలాఖరుకి వేస్తాలే. గట్టు పక్క నాలుగు సాళ్ళు వదిలేస్తా, అందులో మీ అక్క కూరగాయలు పెట్టుకుంటానంది."

నాన్న గట్టు మీద కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. ఒళ్ళో విత్తనాల పళ్ళెం. నేను చీర దోపుకుని, గుప్పెట్లో గింజలు పట్టుకుని, నాగలి సాలు వెంట నడుస్తూ ఒక్కోటీ వేసి కాలితో మన్ను కప్పడం మొదలుపెట్టాను. మొదటి సాలు సగం కూడా కాలేదు, నడుం పట్టేసింది. అరికాళ్ళలో పెళ్ళలు గుచ్చుకుంటున్నాయి. ఎప్పటిలాగే ఎవర్నైనా తిట్టుకుందామని చుట్టూ చూశాను. ఎవరూ దొరకలేదు.

"అమ్మాయ్!" నాన్న అరిచాడు. "అంత లోతా? విత్తుతున్నావా, పాతిపెడుతున్నావా?"

వంగి, వేసిన గింజల్ని ఒక్కొక్కటే వెతికి బయటికి తీశాను.